వ్యూ అరుస్తుంది, టెంప్లేట్ నోరు విప్పదు

పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్ జాంగో. దాన్ని నేర్చుకుందామని కూర్చున్న ఎవరికైనా మొదట చేతికందేది దాని అధికారిక ట్యుటోరియలే. పోల్స్ అనే చిన్న ఓటింగ్ యాప్‌ను కొద్దికొద్దిగా కట్టించే పాఠం అది. మొదటి భాగంలో సర్వర్ నడుస్తుంది, తెర మీద హలో వరల్డ్ కనిపిస్తుంది. రెండో భాగంలో డేటాబేస్, అందులో ఏం దాచాలో చెప్పే మోడల్స్, ఆ సమాచారాన్ని చేర్చి మార్చుకునే అడ్మిన్ పేజీలు. ఇంతవరకూ అందరూ ఉత్సాహంగానే వస్తారు. మూడో భాగంలో వ్యూలూ టెంప్లేట్లూ మొదలవుతాయి. వ్యూ అంటే బ్రౌజర్ అడిగినదానికి జవాబు తయారుచేసే పైథాన్ ఫంక్షన్, టెంప్లేట్ అంటే ఆ జవాబు రూపం రాసుకునే హెచ్‌టీఎంఎల్ ఫైలు. నేను పక్కన కూర్చుని ఈ పాఠం చేయించిన ఇంజినీరింగ్ పిల్లల్లో చాలామంది చేతులు కీబోర్డు మీంచి లేచిపోయేది ఇక్కడే.

అది చెడ్డ పాఠం కాదని ముందే చెప్పాలి. అంత ఓపిగ్గా రాసి, ప్రతి కొత్త వెర్షన్‌కూ సరిచూస్తూ వస్తున్న పాఠాలు ఓపెన్ సోర్స్‌లో అరుదు. నా పైథాన్ ఉద్యోగానికి పునాది వేసింది కూడా అదే. అయితే చదివేవాళ్ళు ఒక్క అక్షరం కూడా తప్పు కొట్టరన్న లెక్కలో అది నడుస్తుంది. మోడల్స్ దగ్గర ఈ లెక్కతో పెద్ద ఇబ్బంది లేదు. వ్యూలూ టెంప్లేట్ల దగ్గర మాత్రం కొంప ముంచుతుంది. తప్పు జరిగినప్పుడు ఈ రెండూ ఒకే తీరుగా ప్రవర్తించవు. వ్యూలో తప్పుంటే జాంగో గట్టిగా అరుస్తుంది. టెంప్లేట్‌లో చాలా తప్పుల్ని చప్పుడు చేయకుండా మింగేస్తుంది. ఈ తేడాను విద్యార్థి చేతులారా చూడాలి, అదీ పాఠంలోనే, మొదటి రోజే. మూడో భాగానికి నేను కోరే మార్పులన్నీ ఇందులోంచి పుట్టినవే.

ఆ భాగం వరస గుర్తు చేస్తాను. ముందు డీటెయిల్, రిజల్ట్స్, వోట్ అనే మూడు ఉత్తుత్తి వ్యూలు రాయిస్తారు. మూడూ తలా ఒక వాక్యాన్ని తిరిగి పంపుతాయి, అంతే. ఏ అడ్రసుకు ఏ వ్యూ నడవాలో చెప్పే యూఆర్ఎల్ వరసలు వాటికి కలుపుతారు. తర్వాత ఇండెక్స్ వ్యూను మార్చి, డేటాబేస్ నుంచి కొత్త ప్రశ్నలు అయిదు తెచ్చి, కామాలతో కలిపి, హెచ్‌టీటీపీ రెస్పాన్స్‌లో పెట్టి పంపిస్తారు. పేజీ రూపం పైథాన్ కోడ్‌లో ఇరుక్కుపోయింది కాబట్టి విడదీద్దామంటూ అప్పుడు టెంప్లేట్‌ను తెస్తారు. ఒకసారి లోడర్‌తో పొడుగ్గా, మళ్ళీ రెండర్ అనే షార్ట్‌కట్‌తో పొట్టిగా. ఆ తర్వాత 404, అంటే అడిగిన పేజీ లేదని చెప్పే జవాబు. అదీ అంతే, ముందు ట్రై, ఎక్సెప్ట్‌తో పొడుగ్గా, ఆపైన గెట్ ఆబ్జెక్ట్ ఆర్ 404తో. చివర్లో లింకుల్లో చేత్తో రాసిన అడ్రసులు తీసేసి, పేరును బట్టి అడ్రసు తయారుచేసే యూఆర్ఎల్ ట్యాగ్ పెట్టిస్తారు, దానికి యాప్ పేరు తగిలిస్తారు.

వ్యూ సంగతి ముందు చూద్దాం. వ్యూ చేయాల్సింది రెండింట్లో ఒకటి: రెస్పాన్స్ అన్నా తిరిగివ్వాలి, ఎక్సెప్షన్ అన్నా లేపాలి. ట్యుటోరియల్ ఈ మాట స్పష్టంగానే చెబుతుంది. కానీ అది పేరాలో ఒక వాక్యంగా ఉండిపోయింది. మన పిల్లల్లో చాలామంది ఇంగ్లీషు పేరాలు దాటేసి కోడ్ ఉన్న పెట్టెలు మాత్రమే చదువుతారు. వాళ్ళని తప్పుపట్టలేం, కొత్త భాషలో కొత్త విషయం చదువుతున్నప్పుడు కళ్ళు తెలిసిన ఆకారాల వైపే పోతాయి. అందుకే ఆ వాక్యం ఒక పనిగా మారాలి. ఇండెక్స్ వ్యూ చివరి వరసలో రిటర్న్ అన్న ఒక్క మాట చెరిపేసి, ఫైలు సేవ్ చేసి, పేజీ రీఫ్రెష్ చేయమనండి. పసుపు పట్టీతో ఎర్రర్ పేజీ వస్తుంది. పోల్స్‌లో వ్యూస్ ఫైల్లో ఉన్న ఇండెక్స్ అనే వ్యూ హెచ్‌టీటీపీ రెస్పాన్స్ ఇవ్వలేదు, నన్ (ఏమీ లేదు) ఇచ్చింది అని ఫంక్షన్ పేరు పెట్టి మరీ చెబుతుంది. విద్యార్థికి ఇందులో రెండు విషయాలు దొరుకుతాయి. వ్యూ కచ్చితంగా ఏం ఇవ్వాలో తెలుస్తుంది. ఆ పసుపు పేజీని చదవొచ్చనీ తెలుస్తుంది. రెండోది నాకు మొదటిదానికంటే ముఖ్యం. కొత్తవాళ్ళు ఎర్రర్ పేజీ కనపడగానే ట్యాబ్ మూసేస్తారు. తాము కావాలని తెప్పించుకున్న ఎర్రర్‌ను మాత్రం నింపాదిగా చదువుతారు.

అలాంటిదే ఇంకొకటి, డీటెయిల్ వ్యూలో. యూఆర్ఎల్ వరసలో కోణపు బ్రాకెట్ల మధ్య ఇంట్ అనీ, క్వశ్చన్ ఐడీ అనీ రాస్తాం. ఆ రెండో పేరూ ఫంక్షన్ బ్రాకెట్లలో రాసే పేరూ ఒకటే కావాలి. ఫంక్షన్‌లో దాన్ని ఉత్త ఐడీ అని మార్చి చూడండి. నేను ఆశించని ఆర్గ్యుమెంట్ వచ్చింది, దాని పేరు క్వశ్చన్ ఐడీ అంటూ టైప్ ఎర్రర్ వస్తుంది. అడ్రసులోని 34 అనే అంకె ఏ దారిన ఫంక్షన్‌లోకి వచ్చిందో ఆ ఒక్క ఎర్రర్ చూపినంత బాగా పేరాలు చూపలేవు. వ్యూల దగ్గర నాకు ఈ రెండే చాలు. అరిచేవాటి గురించి అంత బెంగ లేదు, అవే చెబుతాయి.

ఇక టెంప్లేట్.

హైదరాబాద్‌లో ఒక ఆదివారం బ్యాచ్‌లో ఒకమ్మాయి పిలిచింది. "అక్కా, నా ప్రశ్నలన్నీ పోయాయి." తెర మీద నో పోల్స్ ఆర్ అవైలబుల్ అని ఉంది. అడ్మిన్‌లో చూశావా అని అడిగాను. "చూశానక్కా. అందులో ఉన్నాయి, ఇక్కడ రావట్లేదు. డేటాబేస్ పాడైందనుకుని ఫైలు తీసేసి మళ్ళీ మైగ్రేట్ చేశాను. ప్రశ్నలు మళ్ళీ కొట్టాను. మళ్ళీ పోయాయి." వ్యూ తెరిచి చూస్తే, టెంప్లేట్‌కు వ్యూ పంపే పేర్లూ విలువలూ ఉండే కాంటెక్స్ట్ డిక్షనరీలో లేటెస్ట్ క్వశ్చన్ లిస్ట్ అని ఉండాల్సిన కీలో క్వశ్చన్ పక్కన ఒక ఎస్ ఎక్కువ పడింది. టెంప్లేట్ అడుగుతున్న పేరు వేరు, వ్యూ పంపిన పేరు వేరు. టెంప్లేట్ ఇఫ్ దగ్గర ఆ పేరు కోసం వెతికింది, దొరకలేదు, లేదు అంటే ఖాళీ అన్నట్టే లెక్కేసి ఎల్స్‌లోకి వెళ్ళిపోయింది. ఎక్కడా ఎర్రర్ లేదు. టెర్మినల్‌లో 200 అని, అంతా సవ్యమన్నట్టు ఒక వరస.

ఆ అమ్మాయి ఆలోచనలో తప్పేం లేదు. పోల్స్ లేవని తెర చెప్పింది, కాబట్టి పోల్స్ దాచే చోటుకే వెళ్ళి వెతికింది. పైథాన్‌లో లేని పేరు రాస్తే నేమ్ ఎర్రర్ వస్తుందని అంతకు ముందే నేర్చుకుంది. ఎర్రర్ రాలేదంటే పేర్లు సరిగ్గానే ఉన్నాయని అనుకోవడం సబబే. టెంప్లేట్‌లోకి అడుగుపెట్టాక ఆ నియమం చెల్లదని ఎవరూ చెప్పలేదు, అంతే.

పెళ్ళి శుభలేఖల్లో శ్రీ, శ్రీమతి అని అచ్చేసి పక్కన గీత వదిలేస్తారు కదా, పేరు రాయడానికి. పేరు రాయకుండా కవర్లో పెట్టేసినా శుభలేఖ ఏమీ అనదు, గీత ఖాళీగా వెళ్ళిపోతుంది. జాంగో టెంప్లేట్‌లో జంట కర్లీ బ్రాకెట్ల మధ్య రాసే పేర్లు సరిగ్గా అలాంటి గీతలే. దొరకని పేరుకు బదులు ఖాళీ స్ట్రింగ్ వేసేయడం దాని డిఫాల్ట్. సెట్టింగ్స్‌లో స్ట్రింగ్ ఇఫ్ ఇన్‌వాలిడ్ అనే ఆప్షన్ ఉంది, దాని విలువ మొదట్నించీ ఖాళీయే.

ఇలా ఎందుకు చేశారో అర్థం చేసుకోవచ్చు. జాంగో 2003లో అమెరికాలో, కాన్సస్ రాష్ట్రపు లారెన్స్ ఊళ్ళో, లారెన్స్ జర్నల్ వరల్డ్ అనే దినపత్రిక వెబ్ విభాగంలో పుట్టింది. ఏడ్రియన్ హోలోవాటీ, సైమన్ విల్లిసన్ మొదలుపెట్టారు, 2005 జులైలో అందరికీ విడుదలైంది. వార్తల సైటులో ఒక చిన్న పెట్టెకు సమాచారం అందకపోతే ఆ పెట్టె ఖాళీగా కనిపించడం మేలు, మొత్తం పేజీ కూలిపోవడం కంటే. పైగా టెంప్లేట్లను ప్రోగ్రామర్లు కాని డిజైనర్లు కూడా రాయాలన్నది వాళ్ళ ఉద్దేశం. నడుస్తున్న సైటుకు అది మంచి నిర్ణయమే. నేర్చుకుంటున్న మనిషికి మాత్రం అదే పెద్ద గొయ్యి. గొయ్యిని పూడ్చమని నేను అడగడం లేదు. దాని అంచున ఒకసారి నిలబెట్టి చూపించమంటున్నాను.

నేను చేరుస్తానన్న అడుగు ఇది. ఇండెక్స్ టెంప్లేట్ పనిచేసి ప్రశ్నలు కనిపించాక, వ్యూ తెరిచి కాంటెక్స్ట్‌లోని కీ పేరులో ఒక అక్షరం మార్చు, రీఫ్రెష్ చెయ్యి అనాలి. నో పోల్స్ ఆర్ అవైలబుల్ అని వస్తుంది. డేటాబేస్‌లో ప్రశ్న అలాగే ఉందని అడ్మిన్‌లో చూసుకొమ్మనాలి. ఇప్పుడు అక్షరం సరిచేయించి, టెంప్లేట్ లోపల క్వశ్చన్ టెక్స్ట్ అన్న చోట ఒక అక్షరం ఎగరగొట్టమనాలి. ఈసారి ఇంకా విచిత్రంగా ఉంటుంది: ప్రశ్నకు ముందుండే చుక్క వస్తుంది, ప్రశ్న రాదు. లూప్ తిరిగింది, లింకు కూడా ఉంది, లోపల అక్షరాలు లేవు. ఈ రెండు ఖాళీల మధ్య తేడా చూసిన విద్యార్థి, తర్వాత ఎప్పుడు ఖాళీ పేజీ ఎదురైనా మొదట పేర్లు సరిచూస్తాడు. డేటాబేస్ ఫైలు జోలికి పోడు.

టెంప్లేట్ ఎప్పుడూ నోరు విప్పదు అనుకుంటే అదీ పొరపాటే. ఇఫ్ తెరిచి ముగించడం మర్చిపోతే టెంప్లేట్ సింటాక్స్ ఎర్రర్ వస్తుంది, ఏ వరసలో తెరిచామో చెబుతుంది. యూఆర్ఎల్ ట్యాగ్‌కు ఇచ్చిన పేరు దొరకకపోతే అది ఖాళీని ఒప్పుకోదు, నో రివర్స్ మ్యాచ్ అంటూ పేజీని ఆపేస్తుంది. ట్యాగులు మాట్లాడతాయి, వేరియబుల్స్ మాట్లాడవు అని చెప్పుకుంటే దాదాపు సరిపోతుంది. దాదాపు అంటున్నాను, ఎందుకంటే మన ఉదాహరణలో మౌనంగా దాటిపోయిన ఇఫ్ కూడా ట్యాగే. దాని నోరు మూయించింది లోపలి వేరియబుల్.

పని మధ్యలో చిక్కుపడ్డవాళ్ళకు ఒక మాట. స్ట్రింగ్ ఇఫ్ ఇన్‌వాలిడ్ విలువను కొట్టొచ్చినట్టు కనపడే మాటగా మార్చి, ఖాళీ ఎక్కడ పడుతోందో పట్టుకోవచ్చు. దొరికాక తీసేయాలి. జాంగో సొంత టెంప్లేట్లే కొన్ని ఆ మౌనం మీద ఆధారపడి ఉన్నాయి, కాబట్టి అడ్మిన్ పేజీల్లో మీరు పెట్టిన మాట ఎక్కడపడితే అక్కడ తేలుతుంది. ఇది పాఠంలో పెట్టమనను. మొదటి రోజుకు ఎక్కువ.

టెంప్లేట్ ఎందుకు కావాలో పాఠం చెప్పే కారణం నాకు మొదట్నించీ బలహీనంగానే అనిపిస్తుంది. రూపం మార్చాలంటే పైథాన్ ఫైలు ముట్టుకోవాలి, అందుకని విడదీద్దాం అంటుంది. పదిమంది పనిచేసే కంపెనీలో అది గొప్ప కారణం. ఒంటరిగా హాస్టల్ గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న పిల్లాడికి పైథాన్ ఫైలు ముట్టుకోవడంలో ఏ కష్టమూ లేదు, ఆ ఫైలు వాడిదే. వాడి కళ్ళముందే వాడి పేజీ చెడిపోయే కారణం ఒకటి చేతికందే దూరంలో ఉంది, పాఠం దాన్ని వాడుకోవాలి.

కామాలతో కలిపి పంపే ఇండెక్స్ వ్యూ దగ్గర ఆగండి. అడ్మిన్‌కు వెళ్ళి కొత్త ప్రశ్న చేర్చమనండి, ప్రశ్నకు ముందు హెచ్1 ట్యాగ్ తెరిచి, ముగించకుండా. ఉదాహరణకు ట్యాగ్ పక్కన మీ ఊళ్ళో మంచి ఇడ్లీ ఎక్కడ దొరుకుతుంది అని. పోల్స్ పేజీ తెరిస్తే ఇడ్లీ ప్రశ్న పెద్దక్షరాల్లో ఉంటుంది, దాని తర్వాత వచ్చే ప్రశ్నలన్నీ కూడా పెద్దక్షరాలే. ఎవరో డేటాబేస్‌లో రాసిన నాలుగు అక్షరాలు పేజీనంతా మార్చేశాయి. ట్యాగ్ స్థానంలో స్క్రిప్ట్ ఉంటే ఏమయ్యేదో చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. ఇప్పుడు టెంప్లేట్ రాయించండి. అదే ప్రశ్న, అదే డేటాబేస్. ఈసారి హెచ్1 అనే ట్యాగ్ ఉత్త అక్షరాలుగా, ఉన్నదున్నట్టు తెర మీద కనిపిస్తుంది. జంట బ్రాకెట్లలోంచి వచ్చే ప్రతిదాన్నీ, మనం వద్దని చెప్పకపోతే, జాంగో తనంతట తాను ఎస్కేప్ చేస్తుంది, అంటే ట్యాగ్ గుర్తుల్ని ఉత్త అక్షరాలుగా మారుస్తుంది. వెబ్ భద్రతలో మొదటి పాఠం ఒక్క రీఫ్రెష్‌లో పూర్తయింది, టెంప్లేట్ మీద గౌరవమూ పుట్టింది. ఇంత మంచి అవకాశాన్ని ఆ కామాల వ్యూ చేతికిచ్చి పెడితే, అటునించి అలా దాటిపోవడం నాకు బాధగా ఉంటుంది.

టెంప్లేట్ పనిచేసిన వెంటనే చేయించాల్సిన ఇంకో చిన్న పని, పేజీ సోర్స్ చూపించడం. కంట్రోల్, యూ నొక్కితే చాలు. బ్రౌజర్‌కు వచ్చిన దాంట్లో ఇఫ్ లేదు, ఫర్ లేదు, జంట బ్రాకెట్లు లేవు, ఉత్త హెచ్‌టీఎంఎల్ మాత్రమే. ఇప్పటి పిల్లలు బ్రౌజర్‌లోనే పేజీని కట్టే రియాక్ట్ వీడియోలు చూసి వస్తున్నారు. ఫర్ లూప్ బ్రౌజర్‌లో తిరుగుతుందనే వాళ్ళలో చాలామంది నమ్మకం. టెంప్లేట్ సర్వర్ దగ్గరే కరిగిపోతుందని ఎన్ని బొమ్మలు గీసి చెప్పినా ఎక్కదు. సోర్స్ చూస్తే ఎక్కుతుంది.

లోడర్‌తో పొడుగ్గా రాయించడం అనవసరమనీ, నేరుగా రెండర్ చెబితే సరిపోతుందనీ తరచూ వినిపించే వాదన. నేను ఒప్పుకోను. పొడుగు దారిలో మూడు వస్తువులు మూడు వరసల్లో విడివిడిగా కనిపిస్తాయి: తెచ్చిన టెంప్లేట్, ఇచ్చిన కాంటెక్స్ట్, పంపిన రెస్పాన్స్. రెండర్ ఆ మూడింటినీ ఒక్క మాటలో మూట కడుతుంది. మూట విప్పి చూసినవాడికి లోపలేముందో తెలుసు. పాఠం పొడుగు దారి చూపించిన వెంటనే పొట్టి దారి చెప్పేస్తుంది, మధ్యలో ఊపిరి తీసుకునే చోటే లేదు. కీ పేరు మార్చి చూసే అడుగూ, సోర్స్ చూసే అడుగూ ఆ మధ్యలో పడాలి.

ఇక అందరూ తట్టుకుని పడే రాయి, పోల్స్ ఫోల్డరులో టెంప్లేట్స్, దాని లోపల మళ్ళీ పోల్స్. ఒకే పేరు రెండుసార్లు ఎందుకని అడగని విద్యార్థిని నేను చూడలేదు. రెండు యాప్‌లలో ఇండెక్స్ అనే పేరుతోనే టెంప్లేట్లు ఉంటే, జాంగో తనకు ముందు దొరికిన దాన్ని తీసుకుంటుంది, అందుకని లోపల యాప్ పేరుతో ఫోల్డరు పెట్టుకోవాలి. ఈ వివరణ పాఠంలో ఉంది, పక్కనున్న గమనిక పెట్టెలో ఉంది. గమనిక పెట్టె చదివేవాళ్ళెవరు? ఇక్కడ కూడా పనే చెప్పాలి, వివరణ కాదు. టెంప్లేట్ ఫైలు పెట్టకముందే వ్యూ నడిపించండి. టెంప్లేట్ డజ్ నాట్ ఎగ్జిస్ట్ వస్తుంది. ఆ పేజీలో కిందికి దిగితే పోస్ట్‌మార్టెమ్ అనే భాగం ఉంటుంది, జాంగో ఏయే ఫోల్డర్లలో వెతికిందో వరసగా. నాకు తెలిసి జాంగోలో ఇంతకంటే దయగల ఎర్రర్ ఇంకొకటి లేదు.

దాన్ని చదివే పద్ధతి నేర్పడానికి అయిదు నిమిషాలు పడుతుంది. అడ్మిన్ యాప్ ఫోల్డరు ఒక వరస, ఆథ్ యాప్ ఫోల్డరు ఒక వరస ఉంటాయి. పోల్స్ వరస ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్న. అసలు లేదంటే జాంగో మీ ఫోల్డరునే గుర్తించలేదు: టెంప్లేట్స్ బదులు టెంప్లేట్ అని పేరు పెట్టి ఉంటారు, లేదా ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో పోల్స్ చేర్చలేదు. సర్వర్ నడుస్తుండగా కొత్తగా పెట్టిన టెంప్లేట్స్ ఫోల్డరు కూడా కొన్నిసార్లు ఆ వరసలోకి రాదు. సర్వర్ ఆపి మళ్ళీ నడిపితే వస్తుంది. పోల్స్ వరస ఉండి పక్కన సోర్స్ డజ్ నాట్ ఎగ్జిస్ట్ అని ఉంటే, ఫోల్డరు సరే, ఫైలు పేరే తప్పు. విండోస్ నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసినప్పుడు ఒక్కోసారి హెచ్‌టీఎంఎల్ వెనక టీఎక్స్‌టీ అని ఒక తోక తగులుకుంటుంది, ఎక్స్‌టెన్షన్లు దాచే సెట్టింగ్ వల్ల అది కంటికి కనపడదు. మన దగ్గర కాలేజీ ల్యాబుల్లో, ఇళ్ళల్లో విండోసే ఎక్కువ కాబట్టి ఈ ఒక్క సంగతి మీద ఎన్ని సాయంత్రాలు వృథా అవుతాయో.

చుక్క గురించి కూడా కొంచెం. డీటెయిల్ టెంప్లేట్‌లో క్వశ్చన్ చుక్క చాయిస్ సెట్ చుక్క ఆల్ అని రాస్తాం, చివర బ్రాకెట్లు ఉండవు. వ్యూలో ఇదే రాస్తే బ్రాకెట్లు ఉండి తీరాలి. టెంప్లేట్‌లో చుక్క చూడగానే జాంగో ముందు డిక్షనరీలో వెతుకుతుంది, తర్వాత ఆబ్జెక్ట్ ఆట్రిబ్యూట్‌గా, ఆ తర్వాత లిస్టులో స్థానంగా. దొరికింది పిలవదగ్గదైతే తానే పిలుస్తుంది. పైథాన్ అలవాటుతో బ్రాకెట్లు పెడితే మిగిలిన ముక్క అర్థం కాలేదని సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది. అరుస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు. అదే పేజీలో అరవని ఇంకొకటి ఉంది. రెండో భాగంలో షెల్ నుంచి మొదటి ప్రశ్నకు చాయిస్‌లు చేర్పిస్తారు. అడ్మిన్‌లో చాయిస్‌లు ఏడో భాగం దాకా రావు. ఈ మధ్యలో విద్యార్థి ఉత్సాహంగా అడ్మిన్‌లో సొంత ప్రశ్నలు చేర్చుకుంటాడు. వాటి డీటెయిల్ పేజీ తెరిస్తే శీర్షిక ఒక్కటే వస్తుంది, కింద ఏమీ ఉండదు. కోడ్ సరిగ్గానే ఉంది, చాయిస్‌లే లేవు. అడ్మిన్‌లో చేర్చిన ప్రశ్నలకు ఇంకా చాయిస్‌లు లేవు కాబట్టి ఒకటో నంబరు ప్రశ్న తెరవండి అని ఒక వాక్యం రాస్తే పోతుంది.

అలాంటిదే 34 సంగతి. ఉత్తుత్తి వ్యూల దగ్గర అడ్రసులో 34 కొట్టి చూడమంటుంది పాఠం, పనిచేస్తుంది కూడా, ఎందుకంటే ఆ వ్యూ డేటాబేస్ ముట్టదు. ఆ ట్యాబ్ అలాగే తెరిచి ఉంటుంది. కాసేపటికి 404 కోడ్ రాశాక అదే ట్యాబ్ రీఫ్రెష్ చేస్తే ప్రశ్న లేదని వస్తుంది. ఇందాక వచ్చిన పేజీ ఇప్పుడు రావట్లేదేమిటని పిల్లలు ఇప్పుడే రాసిన కోడ్ చెరిపేస్తారు. నిజానికి సరిగ్గా పనిచేస్తున్నందుకే 404 వచ్చింది. 34 రీఫ్రెష్ చెయ్యి, 404 రావాలి, ఇప్పుడు 1 తెరువు, ప్రశ్న రావాలి అని పాఠమే చెబితే ఆ గందరగోళం కాస్తా పరీక్షగా మారుతుంది.

ఇన్ని అడుగులు చేరిస్తే పాఠం చాంతాడంత అవుతుందని ఎవరైనా అనొచ్చు. ఆ భయం న్యాయమైనదే. డాక్యుమెంటేషన్‌ను ట్యుటోరియల్, హౌటూ, రిఫరెన్స్, వివరణ అని నాలుగుగా విడగొట్టి చూడాలని చెప్పే డయాటాక్సిస్ పద్ధతి ఉంది. దాన్ని రూపొందించిన డానియెల్ ప్రొచీడా జాంగో సమాజంలో పనిచేసిన మనిషే. ట్యుటోరియల్ అంటే చేయించే పాఠం, అందులో వివరణలు దట్టించకూడదు, ప్రతి అడుగుకూ అందరికీ ఒకే ఫలితం రావాలి అన్నది ఆ పద్ధతి సారం. నేను దానికి పూర్తిగా కట్టుబడి ఉన్నాను. రిటర్న్ చెరిపేయడం, కీ అక్షరం మార్చడం, ట్యాగ్ పెట్టి చూడడం, ఇవన్నీ చేసే పనులే. ఏ మెషీన్ మీదైనా ఒకే ఫలితం ఇస్తాయి. పైపెచ్చు ఇప్పుడు ఒక్కొక్కరు ఒంటరిగా ఒక్కో రకంగా చెడగొట్టుకుంటున్నది, అందరూ ఒకే రకంగా, బాగుచేసే దారి పక్కనే ఉండగా చెడగొడతారు.

స్థలం కావాలంటే తీసేయదగ్గవీ ఉన్నాయి. రిజల్ట్స్, వోట్ అనే ఉత్తుత్తి వ్యూలతో మూడో భాగంలో ఏ పనీ లేదు. వాటి అసలు పని నాలుగో భాగంలో ఫారం వచ్చాకే. నాలుగో భాగం తిరిగి మూడో భాగంలో రాసిన వోట్ యూఆర్ఎల్ వరసను గుర్తుచేస్తుంది కాబట్టి ఆ వరసను కూడా అటే జరపాలి. యాప్ నేమ్ అనే వరసను మొదటి భాగంలోనే, యూఆర్ఎల్స్ ఫైలు పుట్టినప్పుడే రాయించేస్తే చివరి విభాగం మొత్తం అక్కర్లేకుండా పోతుంది. ఇప్పుడు ముందు యూఆర్ఎల్ ట్యాగ్‌లో ఉత్త డీటెయిల్ అని రాయించి, నిమిషం తిరక్కముందే పోల్స్ కోలన్ డీటెయిల్ అని మార్పిస్తున్నారు. ఫైలు ఒకటి మార్చి ఇంకొకటి మరిచిపోయినవాళ్ళకు నో రివర్స్ మ్యాచ్ వచ్చి పడుతోంది. యాప్ పేరు ఎందుకో మొదటి భాగంలో ఒక్క వాక్యంలో చెప్పొచ్చు.

ఇవన్నీ గాల్లో చెప్పే మాటలు కావు, ఎవరైనా పంపగల మార్పులే. మూడో భాగం మూలం జాంగో రిపాజిటరీలో డాక్స్, దాని లోపల ఇంట్రో ఫోల్డరులో ట్యుటోరియల్03 అనే ఉత్త టెక్స్ట్ ఫైలు. అక్షర దోషాల్లాంటి చిన్న సవరణలకు టికెట్ కూడా అక్కర్లేదు, నేరుగా పుల్ రిక్వెస్ట్ (మన మార్పును కలుపుకోమనే అభ్యర్థన) పంపొచ్చు. ఇలా వరస మార్చే వాటికి ముందు జాంగో సమస్యలు నమోదు చేసుకునే ట్రాక్‌లో టికెట్ తెరిచి మాట్లాడుకోవాలి. డాక్స్ రాసేవాళ్ళకు జాంగో ఇచ్చే సూచనల్లో నాకు చాలా నచ్చినది ఒకటుంది: పని కష్టాన్ని తక్కువ చేసి చూపే సింప్లీ, జస్ట్, ఈజీలీ లాంటి మాటలు వాడొద్దని. చదివేవాళ్ళు తడబడతారని తెలిసిన మనుషులు రాసిన సూచన అది. నేను అడుగుతున్నవి ఆ సూచన వెంటే నడిచే మార్పులు.

అన్నీ ఒకే పుల్ రిక్వెస్ట్‌లో కుక్కితే ఎవరూ చదవరు. అందుకని మొదట రిజల్ట్స్, వోట్ వ్యూలనూ వాటి యూఆర్ఎల్ వరసలనూ నాలుగో భాగానికి జరిపే మార్పు ఒక్కటే ప్రతిపాదిస్తాను. అది ఒప్పుకుంటే ఖాళీ అయిన చోట రెండో టికెట్ కీ పేరు తప్పు రాయించే అడుగుకు. హెచ్1 ప్రశ్న మూడోది. ఇడ్లీ బదులు ఇంకేం పెట్టాలన్నది రివ్యూ చేసేవాళ్ళ ఇష్టం.